బుధవారం ఏడున్నర: క్లబ్బు వారపు సమావేశాన్ని గాడిలో పెట్టిన డైరీ

జూన్, రెండో వారం

పని: గోదావరి డెల్టాలోని ఒక పట్టణంలో రోటరీ క్లబ్బు వారపు సమావేశాన్ని, అతిథి వక్తల కార్యక్రమాన్ని మళ్లీ నిలబెట్టడం. సభ్యులు నలభై మంది. రోటరీ సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది కాబట్టి కార్యక్రమాల కమిటీ చేతిలో ఉన్నది మూడు వారాలు.

మందు వేసేముందు నాడి చూడాలి గనక, పాత పద్ధతిలో జరిగే ఒక సమావేశాన్ని గడియారం పెట్టి కొలిచాం. ఏడున్నరకు మోగాల్సిన గంట 7:54కి మోగింది. ప్రార్థన, ఫోర్ వే టెస్ట్ (రోటరీ సభ్యులు కలిసి వల్లించే నాలుగు ప్రశ్నలు) 5 నిమిషాలు. వేదిక మీదకు పిలుపులు, బొకేలు, శాలువాలు 14. కార్యదర్శి ప్రకటనలు 16. వక్త పరిచయం 7. వక్త మైకు అందుకునేసరికి 8:36. ఆయన 35 నిమిషాలు మాట్లాడారు. అప్పటికి కింద సాంబారు వాసన పైకొచ్చేసింది. ప్రశ్నలు సున్నా.

ఇక్కడ తేలిందేమిటంటే తప్పు వక్తది కాదు. ఆకలి మీదున్న నలభై మందికి, పావు తక్కువ తొమ్మిది వేళ, ఏ విషయమైనా ఎక్కదు. వక్త కోసం వెతకడం కన్నా ముందు వక్తకు చోటు ఖాళీ చేయాలి.

జూన్, మూడో వారం

వారం వారం కలవడం అవసరమా అన్న ప్రశ్న బోర్డులో వచ్చింది. 2016లో జరిగిన రోటరీ శాసన మండలి (క్లబ్బుల నియమాలను సవరించే సభ) నుంచి క్లబ్బులకు ఇందులో వెసులుబాటు ఉంది: నెలకు కనీసం రెండుసార్లు కలిస్తే చాలు. మొదట్లో కలయికే క్లబ్బు స్వరూపం. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ మరో ముగ్గురితో కూర్చున్నప్పుడు హాలు లేదు, వంతులవారీగా ఒక్కొక్కరి ఆఫీసులో కలిసేవారు. ఆ వంతుల వల్లే 'రోటరీ' అన్న పేరు. రెండు వారాలకోసారి పెడితే ఒకటి తప్పినవాడు నెల రోజులు కనపడడు, ఆ తరవాత అసలే కనపడడు. అందుకే వారానికోసారే ఉంచాం, కానీ గంటలో ముగించాలన్న షరతుతో.

వారం ఏది? శనివారం వద్దనుకున్నాం. వెంకటేశ్వరస్వామి పేరున ఒంటిపొద్దు ఉండేవాళ్లు ఎక్కువ, భోజనం లెక్క ఎప్పుడూ తప్పుతుంది. ఆదివారం పెళ్లిళ్లు. బుధవారం ఖాయం.

ఇక చోట్ల లెక్క. ఏడాదికి 52 బుధవారాలు. నెలకొకటి చొప్పున 12 క్లబ్బు అసెంబ్లీకి, లెక్కలకు పోతాయి. వినాయక చవితి, దసరా, దీపావళి, సంక్రాంతి, ఉగాది వారాలు 5. రోటరీ జిల్లా గవర్నరు రాక 1. కుటుంబాలతో కలిసే సాయంత్రాలు 4. మిగిలేవి 30. అంటే కావాల్సింది 52 మంది వక్తలు కాదు, 30 మంది. ఈ ఒక్క తీసివేత చేయకపోవడం వల్లే ప్రతి ఏడాదీ నవంబరుకల్లా కమిటీ చేతులెత్తేసి, దొరికినవాళ్లను మంగళవారం రాత్రి ఫోన్ చేసి పిలవడం మొదలవుతుంది.

జూన్, చివరి వారం

కొత్త నిమిషాల పట్టిక బోర్డు ఒప్పుకుంది. 7:00 నుంచి 7:30 వరకు టీ, టిఫిను. 7:30కి అధ్యక్షుడు గంట కొడతారు, హాల్లో ఎనిమిది మందే ఉన్నా సరే. 7:34 దాకా ప్రార్థన, ఫోర్ వే టెస్ట్. 7:40 దాకా ప్రకటనలు. రెండు నిమిషాలు పుట్టినరోజులు, పెళ్లిరోజులు. రెండు నిమిషాలు పరిచయం. 7:44కి వక్త. 8:06 నుంచి 8:21 దాకా ప్రశ్నలు. నాలుగు నిమిషాలు 'మనం చేసేదేమిటి' (విన్నదాన్నిబట్టి క్లబ్బు చేపట్టే పని), సన్మానం, వందన సమర్పణ. చివరి ఐదు నిమిషాల్లో మిగిలిన క్లబ్బు మాట, జాతీయ గీతం. 8:30కి మళ్లీ గంట, భోజనం.

వక్తకు పట్టికలో 22 నిమిషాలున్నా ఫోన్లో చెప్పేది 20. ఆ రెండూ లేచి రావడానికి, మైకు సర్దుకోవడానికి. 20 అని చెప్తే 22లో ఆపుతారు, 30 అని చెప్తే 45 అవుతుంది.

కోత ఎక్కువ పడింది ప్రకటనల మీద. కార్యదర్శి చదివేవన్నీ అప్పటికే వాట్సాప్ గ్రూపులో ఉన్నవే. కొత్త నియమం: చేయెత్తి ఒప్పుకోవాల్సినవి, డబ్బు కట్టాల్సినవి మాత్రమే నోటితో చెప్పాలి. మిగతావి తలుపు పక్కన అట్టకు అంటించిన ఒక కాగితం మీద.

శాలువాల దగ్గర గట్టి పేచీ వచ్చింది. వక్తకు ఒక్కరే, ఒక్క శాలువా, ఒక్క ఫొటో అని తేలడానికి గంటన్నర పట్టింది. మాజీ అధ్యక్షులందరినీ వేదికెక్కించే ఆచారం ఇన్‌స్టాలేషన్ (కొత్త కార్యవర్గం బాధ్యతలు తీసుకునే) రోజుకి పరిమితం. వేదిక మీద కుర్చీలు నాలుగే: అధ్యక్షుడు, కార్యదర్శి, వక్త, వక్తను పరిచయం చేసేవారు. ఐదో కుర్చీ వేస్తే ఆరోదానికి ఒకరు అలుగుతారు.

జులై, మొదటి వారం: వక్తల జాబితా

పేర్లతో మొదలుపెట్టలేదు, ఊరి క్యాలెండరుతో మొదలుపెట్టాం. ఎవరు ఎప్పుడు దొరకరో ముందు రాసుకుంటే ఎవరు ఎప్పుడు దొరుకుతారో దానంతట అదే తేలుతుంది. వ్యవసాయ అధికారి సార్వా నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో, దాళ్వా మొదలయ్యే డిసెంబరులో దొరకరు. నాట్లయిపోయాక సెప్టెంబరులో ప్రయత్నించాలి. ఆడిటర్లకు జులై, సెప్టెంబరు నెలాఖర్లు గడ్డుకాలం. బ్యాంకు మేనేజర్లకు మార్చి. ఉపాధ్యాయులకు మార్చి, ఏప్రిల్. పోలీసు అధికారులను వినాయక నిమజ్జనాల ముందు, దసరా బందోబస్తులో అడగకూడదు. సాయంత్రం ఓపీ ఉండే డాక్టర్లు ఏడున్నరకు రాలేరు. మత్తు డాక్టర్లు, పెథాలజీ డాక్టర్లు రాగలరు. వాళ్లను ఎవరూ పిలవరు కూడా.

రోటరీ నెలవారీ అంశాలు ఇచ్చేసింది: సెప్టెంబరు అక్షరాస్యత, డిసెంబరు వ్యాధి నివారణ, జనవరి వృత్తి సేవ, మార్చి నీరు పారిశుధ్యం, ఏప్రిల్ పర్యావరణం. వీటికి కట్టుబడాలని లేదు, ఊరి ఋతువుతో కలిసినచోట వాడుకున్నాం, కలవనిచోట వదిలేశాం. పాముకాటు మీద మాట డిసెంబరు దాకా ఆగితే ఉపయోగం ఏముంది? అది నాట్ల ముందే కావాలి. జులై రెండో బుధవారం దానికి రాశాం.

విషయం అడిగే తీరు కూడా మార్చాం. "సార్, ఆరోగ్యం గురించి నాలుగు మాటలు" అంటే వక్త నాలుగు వందల మాటలు తెస్తారు, ఒక్కటీ మిగలదు. విషయం ప్రశ్న రూపంలో ఉండాలి, అందులో మన ఊరు ఉండాలి, వినేవాడు మర్నాడు చేయగల పని ఉండాలి. 'వినియోగదారుల హక్కులు' కాదు: 'కొన్న ఫ్రిజ్ నెలలో పాడైతే, షాపువాడు పట్టించుకోకపోతే, జిల్లా కమిషనుకు ఏ కాగితాలతో వెళ్లాలి?' ఇలా అడిగితే వక్తకు కూడా తయారీ సులువు. బిల్లు, వారంటీ కార్డు, షాపుకు రాసిన ఫిర్యాదు నకలు అని నేరుగా దిగిపోతారు. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే అన్న మాట మొదటి నిమిషంలోనే వస్తుంది.

మూడు ఫోన్లు. 21 రోజుల ముందు ఆహ్వానం: తేదీ, ప్రశ్న, 20 నిమిషాలు, వచ్చేవాళ్లు ఎవరు, తెలుగులో మాట్లాడాలి. 7 రోజుల ముందు: స్లైడ్లున్నాయా, పేరు హోదా ఎలా రాయాలి, భోజనంలో ఏదైనా తినరా. ముందురోజు సాయంత్రం: ఎవరు తీసుకొస్తారు, ఎన్నింటికి, ఏ బండి. బుధవారం మధ్యాహ్నం 3కి లొకేషన్ మెసేజి. ఇదంతా ఒక్కరే చేయాలి. ఇద్దరు చేస్తే ఎవరికి వారు అవతలివాళ్లు చేశారనుకుంటారు.

తెలుగు అన్నది ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తోంది. రోటరీ అనగానే మంచి తెలుగు మాట్లాడే అధికారి కూడా ఇంగ్లీషులోకి మారిపోతారు. ప్రశ్నలు ఆగిపోవడానికి సగం కారణం అదే.

జులై, రెండో బుధవారం: పాముకాటు

ప్రభుత్వాసుపత్రి డాక్టరు గారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర: మన దగ్గర ఎక్కువ ప్రాణాలు తీసేవి ఈ నాలుగే. తాడు బిగించి కట్టొద్దు, కాటును కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కాటుపడ్డ కాలో చెయ్యో కదలకుండా చెక్క కట్టి, విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లడమే. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది, గాటు సరిగ్గా కనపడకపోవచ్చు, నొప్పి ఉండకపోవచ్చు. పొద్దున కళ్లు మూతలు పడుతున్నాయంటే అనుమానించాలి.

సమయం: 7:33కి గంట, వక్త 7:49కి లేచారు, 8:12కి ముగించారు. ప్రశ్నలు తొమ్మిది. చేసే పని: చుట్టుపక్కల ఏ పీహెచ్‌సీలో, ఏ ఆసుపత్రిలో విరుగుడు మందు నిల్వ ఉందో నెలకోసారి ఫోన్ చేసి కనుక్కుని ఒక కాగితం తయారుచేసి ఎరువుల షాపుల్లో అంటించడం. ముగ్గురు పేరిచ్చారు.

తప్పు: స్లైడ్లు కనపడలేదు. తరవాతి పేరా దాని గురించే.

జులై, మూడో వారం: తెర, మైకు, కరెంటు

హాలు 40 అడుగులు, 25 అడుగులు. తెర వెడల్పు 6 అడుగులు. మన ప్రొజెక్టరు రకానికి దూరం తెర వెడల్పుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి, అంటే 9 అడుగులు. దాన్ని 15 అడుగుల దూరంలో పెట్టి, బొమ్మ గోడంతా పరుచుకుంటే జూమ్ తగ్గించడానికి తంటాలు పడ్డారు. తెర కింది అంచు నేలనుంచి 4 అడుగులు ఉండాలి, లేకపోతే ముందు వరుస తలలు చివరి రెండు గీతల్ని మింగేస్తాయి. తెర మీదున్న ట్యూబులైటుకు వేరే స్విచ్ లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి విడదీయించాం. అది అరగంట పని, ఎన్నో ఏళ్లుగా ఎవరూ చేయించలేదు.

అక్షరాల సంగతి. డాక్టరు గారి స్లైడ్లలో తెలుగంతా గజిబిజి గుర్తులుగా కనిపించింది. ఆఫీసులో డీటీపీ చేసినవాళ్లు అను ఫాంట్లలో కొట్టారు, మన లాప్‌టాప్‌లో ఆ ఫాంట్లు లేవు. యూనికోడ్‌లో కొట్టినా పాత పవర్‌పాయింట్‌లో ఒత్తులు విడిపోతాయి. ఒకటే మందు: స్లైడ్లు తయారైన కంప్యూటర్లోనే పీడీఎఫ్ చేసి పంపమనాలి. రెండో ఫోనులో ఈ మాట చేర్చాం. వీడియో ఉంటే ఫైలు విడిగా కావాలి. స్లైడుకు ఆరు గీతలు మించకూడదు, అక్షరం 28 పాయింట్లకు తగ్గకూడదు. పది స్లైడ్లు దాటితే వక్త చదవడం మొదలుపెడతారు, చదివేవాడికి ప్రశ్నలు రావు.

మైకు కూత పెట్టడానికి కారణం కంపెనీ కాదు, స్థానం. స్పీకరు బాక్సులు వక్త వెనక గోడకు ఉన్నాయి. బాక్సుల్లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకే వెళ్లి తిరుగుతోంది. రెండు బాక్సులనూ వక్తకన్నా 5 అడుగులు ముందుకు, జనం వైపు తిప్పి పెట్టగానే ఆగింది. పోడియం నెత్తిన ఉన్న ఫ్యాను గాలి మైకులో భుస్సుమంటోంది. పోడియాన్ని పక్కకు జరిపాం. వక్త నోటికి మైకు నాలుగు వేళ్ల దూరం, ఇది పరిచయం చేసేవారు చూపించి దిగాలి. కార్డ్‌లెస్ మైకులో రెండు పెన్సిల్ సెల్లులు. ఆల్కలైన్ వాడాలి, మామూలువి ముప్పావు గంటకే నీరసిస్తాయి. ప్రతి సమావేశానికి కొత్తవి వేసి, తీసినవి గోడగడియారాలకు వాడుతున్నాం. ప్రశ్నలకు రెండో మైకు వేరే ఉండాలి. ఒకే మైకు తిరిగితే ప్రతి ప్రశ్నకు అర నిమిషం నడకకే పోతుంది.

కరెంటు పోతే జనరేటరు అందుకునేలోపు ప్రొజెక్టరు ఆరిపోతుంది. మళ్లీ వెలగడానికి రెండు మూడు నిమిషాలు, ల్యాంపుకు చేటు కూడా. 600 వీఏ యూపీఎస్ పెట్టి చూస్తే కుయ్యిమని ఆగిపోయింది. లెక్క చూస్తే సబబే: 600 వీఏ మోసేది సుమారు 360 వాట్లు, ప్రొజెక్టరు 300, లాప్‌టాప్ ఛార్జరు 65, మొత్తం 365. 1000 వీఏది తెచ్చాం, సరిపోయింది.

ఆగస్టు: రక్తం మీద రెండు బుధవారాలు

ఈ ఏడాది ఇప్పటిదాకా క్లబ్బు దారి మార్చింది ఈ వక్తే. బ్లడ్ బ్యాంకు వైద్యాధికారిణి గారికి ఇచ్చిన ప్రశ్న: 'ఆగస్టు 15న మనం పెట్టే పెద్ద శిబిరం మీకు నిజంగా ఎంత పనికొస్తుంది?' మామూలుగా ఇలాంటి ప్రశ్న అడగరు, అడిగితే పొగిడి వెళ్లేవాళ్లే ఎక్కువ. మేడం గారు పొగడలేదు. ఎర్రకణాలు మామూలు సంచిలో 35 రోజులు నిలుస్తాయి. ప్లేట్‌లెట్లు 5 రోజులే, అదీ 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఆగకుండా ఊపుతూ ఉంటేనే. ఒకే రోజు వంద మంది ఇస్తే ప్లేట్‌లెట్లలో చాలా భాగం వాడకుండానే పోతుంది. ఆ వంద మందీ మగవాళ్లయితే 90 రోజులు, ఆడవాళ్లయితే 120 రోజులు మళ్లీ ఇవ్వలేరు. సెప్టెంబరులో డెంగీ వచ్చినప్పుడు దాతలు అందరూ 'ఈమధ్యే ఇచ్చాం' అంటారు.

దాంతో శిబిరాన్ని నాలుగు ముక్కలు చేశాం. పాత దాతల జాబితాను రక్తం గ్రూపుల వారీగా విడదీసి, ప్రతి గ్రూపులోనూ నాలుగు దళాలు. ఆగస్టు 15కి మొదటి దళం, తరవాత మూడు వారాలకొకటి. 18 నుంచి 65 ఏళ్లు, 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5: ఈ మూడూ లేనివాళ్లను జాబితాలోనే ఆపేయాలి, శిబిరం గుమ్మం దగ్గర కాదు. గుమ్మం దగ్గర వెనక్కి పంపితే మళ్లీ రారు. ఫొటోలో జనం తగ్గారని కొందరికి లోటుగా ఉంది. ఉండనీ.

రెండో బుధవారం వక్త లేరు. ఆ జాబితా పనే హాల్లో కూర్చుని నలుగురేసి బల్లల దగ్గర చేశారు. వక్త వెళ్లిపోయాక వచ్చే వారాన్ని ఆ పనికే ఖాళీగా ఉంచడం అప్పటినుంచి అలవాటు చేస్తున్నాం, ప్రతిదానికీ కాదు, దమ్మున్న విషయాలకి.

సెప్టెంబరు, రెండో వారం: స్టెప్నీ

వక్త మధ్యాహ్నం రెండింటికి ఫోన్ చేసి, పైఅధికారుల వీడియో కాన్ఫరెన్సు పడిందన్నారు. ప్రభుత్వంలో ఉన్నవాళ్లకు ఇది తప్పదు, తప్పు పట్టకూడదు. దానికి తగ్గట్టు స్టెప్నీ ఉండాలి. ఎప్పుడైనా సరే రెండు గంటల ముందు చెబితే వచ్చి మాట్లాడగల ముగ్గురి పేర్లు గోడమీద ఉన్నాయి. ముగ్గురూ క్లబ్బు సభ్యులే, తమ వృత్తి గురించే. ఒకాయనది రైసు మిల్లు: ధాన్యం తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ఎందుకు ఆపుతారు, రైతు కళ్లంలో ఏం చేస్తే ఆ శాతం దిగుతుంది. దీనికొచ్చినన్ని ప్రశ్నలు, వచ్చి ఉంటే ఆ అధికారి గారికి వచ్చేవి కాదేమో. స్టెప్నీని వాడాక వెంటనే కొత్తది నింపాలి, లారీ వాళ్లకు చెప్పక్కర్లేని సంగతి.

సెప్టెంబరు, నాలుగో వారం: సైబర్ మోసాలు

తయారీ బాగా కుదిరింది కాబట్టి క్లుప్తంగా. డబ్బు పోయిన వెంటనే 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫోన్, తరవాత పోర్టల్లో ఫిర్యాదు. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బు నిలిపేసే అవకాశం అంత ఎక్కువ. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం చేతిలో ఉంచుకుని ఫోన్ చేయాలి. 'డిజిటల్ అరెస్టు' అనేది ఏ చట్టంలోనూ లేదు, వీడియో కాల్‌లో ఎవరూ అరెస్టు చేయరు. చేసే పని: షాపుల్లో క్యూఆర్ కోడు పక్కన 1930 స్టిక్కరు. 4 అంగుళాలు, 3 అంగుళాలు, పసుపు మీద నలుపు. మొదటి విడత మామూలు కాగితం మీద వేయిస్తే కిరాణా షాపుల్లో నూనె చేతులకు వారంలో నల్లబడ్డాయి. రెండో విడత వినైల్.

అక్టోబరు, మూడో వారం: పోలియో దినం

అక్టోబరు 24 ప్రపంచ పోలియో దినం. ప్రతి ఏడాదీ పెద్ద డాక్టరును పిలిచి, దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో, 2014 మార్చి 27న ధ్రువీకరణ అని విని చప్పట్లు కొట్టడం మామూలే. ఈసారి ఉద్యోగ విరమణ చేసిన ఏఎన్ఎం గారిని పిలిచాం. ఆవిడ మొదట ఒప్పుకోలేదు, "నాకు మైకులో మాట్లాడ్డం రాదండీ" అన్నారు. అందుకని ప్రసంగం తీసేశాం. రెండు కుర్చీలు ఎదురెదురుగా, మధ్యలో చిన్న బల్ల, దాని మీద నీలం రంగు వ్యాక్సిన్ డబ్బా, పక్కన మన సభ్యురాలు అడిగే ఎనిమిది ప్రశ్నలు. "అమ్మా, ఈ డబ్బాలో ఏమేం పెట్టేవారు?" దగ్గర మొదలు.

ఆవిడ మూత తీసి నాలుగు ఐసు ప్యాకులు నాలుగు గోడలకు ఎలా నిలబెడతారో చూపించారు. సీసా మీది గుర్తు: గుండ్రం లోపల చతురస్రం. చతురస్రం బయటి గుండ్రం కన్నా తెల్లగా ఉంటే మందు వాడొచ్చు, రెండూ ఒకే రంగైతే పారేయాలి. వేడి తగిలిన లెక్కంతా ఆ చుక్కే చెబుతుంది. ఎడమ చిటికెన వేలికి సిరా ఎందుకు, తాళం వేసిన ఇంటి గోడమీద ఏం రాస్తారు, మూడోసారి కూడా వద్దన్న ఇంటికి ఎవరిని వెంటబెట్టుకెళ్లాలి. 22 నిమిషాలు 31 అయ్యాయి, ఎవరూ ఎర్ర అట్ట చూపించలేదు. చూపించాల్సింది, ఎందుకంటే ప్రశ్నలకు ఆరు నిమిషాలే మిగిలాయి. కానీ ఈ తప్పు మళ్లీ చేసినా ఫర్వాలేదు.

నేర్చుకున్నది: పని చేతుల్లో ఉన్నవాళ్లకు పోడియం శత్రువు. బల్ల, వస్తువు, అడిగేవాళ్లు ఇస్తే చాలు. జనవరిలో వృత్తి సేవ నెలకు ఇదే పద్ధతిలో మగ్గం నేతకారుడిని, పడవలు చేసే వడ్రంగిని అడగబోతున్నాం.

అట్టల సంగతి రాయలేదు గదా: మూడు రంగులు, ఒక్కోటి ఏ4 సైజు, మొదటి వరుసలో సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ (సమావేశం క్రమం చూసుకునే సభ్యుడు) చేతిలో. ఆకుపచ్చ ఐదు నిమిషాలుందని, పసుపు రెండు, ఎరుపు అయిందని. వక్తకు ముందే చూపించాలి, లేకపోతే మొదటి అట్ట చూసి కంగారుపడి ఆగిపోతారు. గంట కొట్టి ఆపడం మర్యాద కాదు.

నవంబరు, మొదటి వారం: అమ్ముకోవడానికి వచ్చినవాళ్లు

ఆర్థిక ప్రణాళిక మీద మాట అని వచ్చి, ఎనిమిదో నిమిషానికి ఒక పాలసీ పేరు, పదో నిమిషానికి ఫారాలు. క్లబ్బుల్లో ఇది పాత జబ్బు, వినేవాళ్లంతా కొనగలిగినవాళ్లే కదా. ఆహ్వానంలోనే మూడు వాక్యాలు చేర్చాం: కరపత్రాలు పంచకూడదు, ఫోన్ నంబర్లు తీసుకోకూడదు, విజిటింగు కార్డులు వెనక బల్ల మీద పెట్టుకోవచ్చు. ఆసుపత్రుల ప్రచార విభాగాల నుంచి 'ఉచిత వక్త' అని వచ్చే ఫోన్లకు కూడా ఇదే. వక్తను మనం ఎంచుకోవాలి, వక్త మనల్ని కాదు. ఫోర్ వే టెస్ట్‌ను 1932లో హెర్బర్ట్ టేలర్ రాసుకున్నది దివాలా అంచున ఉన్న అల్యూమినియం గిన్నెల కంపెనీ కోసం. అందులో మొదటి ప్రశ్న 'ఇది నిజమేనా'. ప్రతి బుధవారం గబగబా వల్లించేది అమ్మకం మనుషుల కోసం పుట్టిన పాఠమే.

నవంబరు, మూడో వారం: గుండె ఆగితే

పేజీలకొద్దీ నోట్సు అవసరం లేని విషయం, చేతులతో నేర్చుకోవాల్సింది. ఛాతీ మధ్యలో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు నొక్కాలి, ప్రతి నొక్కుకీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. ముందు 108కి ఫోన్, స్పీకరులో పెట్టి నేల మీద ఉంచి మొదలుపెట్టాలి. అసలు చిక్కు లెక్కది. హాల్లో 36 మంది, నొక్కి నేర్చుకునే బొమ్మ ఒకటి. మనిషికి రెండు నిమిషాలైతే 72 నిమిషాలు. శిక్షకుడిని ముందే అడిగితే మూడు బొమ్మలు తెచ్చేవారు, 24 నిమిషాల్లో అయ్యేది. అడగలేదు. పదకొండు మందే చేయగలిగారు, మిగతావాళ్లు చూశారు. చూసినంత మాత్రాన రాదు. ఫిబ్రవరిలో మళ్లీ పెట్టాలి: మూడు బొమ్మలు, ప్రసంగం ఐదు నిమిషాలకు మించకుండా. మోకాళ్ల కింద వేయడానికి చాపలు. యాభై దాటినవాళ్లు సగం మంది గచ్చు మీద మోకరిల్లలేక వెనక్కి తగ్గారు.

డిసెంబరు, మొదటి వారం: భోజనం, దూరాన ఉన్నవాళ్లు

ప్లేట్ల లెక్క మంగళవారం రాత్రి 9కి మూసేస్తాం. వస్తామన్నవాళ్ల సంఖ్యకు మూడు ప్లేట్లు కలిపి కేటరింగ్ ఆయనకు చెబుతాం: వక్త, వక్త డ్రైవరు, చెప్పకుండా వచ్చే ఒకరు. డ్రైవరు గారి భోజనం మరిచిపోవడం మన క్లబ్బుల్లో జరిగే అతి సాధారణమైన అమర్యాద. కార్తీకమాసంలో మాంసం పెట్టకూడదు, ఉల్లి తిననివాళ్లు కూడా కొందరుంటారు, అడిగి వండించాలి. ఏడింటి టిఫినులో ఇడ్లీ, ఉప్మా, పునుగులు ఏవైనా సరే, కవర్లలో కట్టిన మిక్చరు మాత్రం వద్దు. ప్రసంగం మొదలయ్యాక పది కవర్లు కరకరలాడితే మైకు కూడా ఓడిపోతుంది.

8:30కి ముగించడం వల్ల అనుకోని లాభం: మహిళా సభ్యులు ఆగుతున్నారు. రోటరీ 1989లోనే మహిళలకు తలుపు తీసింది, కానీ బాగా పొద్దుపోయాక ముగిసే సమావేశం ఆ తలుపు వెనక ఇంకో గొళ్లెం.

ఉద్యోగాల మీద బయట ఉన్న సభ్యుల కోసం జూమ్ పెట్టి చూశాం. ఉచిత ఖాతాలో 40 నిమిషాలకు తెగిపోతుంది, కాబట్టి 7:42కి మొదలుపెడితే ప్రశ్నల చివరిదాకా సరిపోతుంది. లాప్‌టాప్ మైకుతో ఫ్యాన్ల హోరు తప్ప ఏమీ వినపడలేదు. మిక్సరు నుంచి నేరుగా వైరు తీసి లాప్‌టాప్ హెడ్‌ఫోను రంధ్రంలో పెడితే మాట చిరిగిపోయింది. మిక్సరు నుంచి వచ్చే సిగ్నలు లాప్‌టాప్ మైకు తట్టుకునే దానికన్నా ఎక్కువ. చిన్న యూఎస్‌బీ ఆడియో పెట్టె మధ్యలో పెట్టాక కుదిరింది. హాల్లో ఇంకెవరి ఫోనూ అదే మీటింగులో స్పీకరు తెరిచి ఉండకూడదు, ప్రతిధ్వని మొదలవుతుంది.

డిసెంబరు, రెండో వారం: ప్రశ్నలు

చీటీల పద్ధతి స్థిరపడింది. టిఫిను దగ్గరే పెన్ను, చీటీలు. వక్త మాట్లాడుతుండగానే రాసి పంపుతారు, పరిచయకర్త ఒకేలాంటివి కలిపి చదువుతారు. నోటి ప్రశ్నలు ఐదు, చీటీలు ఎన్నైనా. దీనివల్ల 'ప్రశ్న' పేరుతో లేచి నాలుగు నిమిషాలు మాట్లాడే పెద్దల బెడద తగ్గింది, పూర్తిగా పోలేదు. మొదటి ప్రశ్న ఎవరో ఒకరు సిద్ధంగా పెట్టుకోవాలి. వక్త ఆపగానే వచ్చే ఆ పది సెకన్ల నిశ్శబ్దం సాగితే ప్రశ్నల భాగమే కూలిపోతుంది.

మెమెంటో మీద పేరు తప్పు పడింది. అక్షరాలు వక్త స్వయంగా రాసి పంపిన మెసేజి చూసే చెక్కించాలి, నోటితో విని కాదు. జనవరి నుంచి మెమెంటో బదులు మొక్క, లేదా వక్త పేరున ప్రభుత్వ బడి లైబ్రరీకి పుస్తకాలు.

వక్త వెళ్లాక 48 గంటల్లో కృతజ్ఞతా లేఖ, అందులో ఆయన చెప్పినదాని నుంచి క్లబ్బు మొదలుపెట్టిన పని ఒక్క వాక్యం. మూడు నెలల తరవాత ఆ పని ఎక్కడిదాకా వచ్చిందో ఇంకో మెసేజి. జులైలో వచ్చిన డాక్టరు గారికి అక్టోబరులో ఎరువుల షాపులో అంటించిన కాగితం ఫొటో పంపితే, వేసవి ముందు వడదెబ్బ మీద మాట్లాడతానని ఆయనే తేదీ అడిగారు. మార్చి రెండో బుధవారం ఇచ్చాం.

మిగిలి ఉన్నవి: సంక్రాంతి తరవాతి వారానికి వక్త దొరకలేదు. స్టెప్నీ జాబితాలో ఒక ఖాళీ. రెండో మైకు తీగ మొదట్లో వదులైంది, సోల్డరింగ్ చేయించాలి. చాపలు ఆరు.